ఒక నాబుకు రెండు జతల హద్దులు

యమహా డీఎక్స్7 మీద టోన్ సరిచేద్దామని కూర్చుంటే చేతికి దొరికేది ఒకే ఒక్క స్లైడరు. దాని పక్కన పల్చని పొర కింద నొక్కుడు మీటలు, పైన వరుసకు 16 అక్షరాల చొప్పున రెండు వరుసల తెర. మీట నొక్కితే ఒక విలువ పేరూ దాని అంకే తెరమీదికి వస్తాయి. స్లైడరు జరిపితే ఆ అంకె మారుతుంది. ఇంకో విలువ కావాలంటే ఇంకో మీట. పేరులోని 10 అక్షరాలతో కలిపి ఒక్కో టోన్‌లో ఇలాంటి విలువలు 155 ఉంటాయి. ఏ క్షణాన చూసినా కంటికి ఆనేది వాటిలో ఒకటే. తాళం కన్నంలోంచి చూస్తూ ఇల్లంతా సున్నం వేయమన్నట్టుంటుంది.

1983లో వచ్చిన ఈ వాద్యం లోపల జరిగే పని మాత్రం చాలా అందమైనది. ఒక కంపనంతో మరో కంపనాన్ని వేగంగా ఊపితే కొత్త స్వరగుణం పుడుతుందని స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో గమనించారు. ఆ సూత్రాన్ని యమహా లైసెన్సు తీసుకుని వాద్యంగా మలిచింది. డీఎక్స్7లో అలాంటి కంపన యంత్రాలు ఆరు. వాటిని ఆపరేటర్లంటారు. ఎవరు ఎవర్ని ఊపాలి, ఎవరి శబ్దం బయటికి రావాలి అన్న అమరికలు 32. వాటికి అల్గారిథంలని పేరు. ఆ రోజుల్లో లెక్కలేనన్ని పాటల్లో వినిపించిన ఎలక్ట్రిక్ పియానో టోన్ 5వ అల్గారిథం మీద కట్టింది. ఆరు ఆపరేటర్లూ మూడు జంటలై, ప్రతి జంటలో ఒకటి ఊపుతుంది, ఒకటి పాడుతుంది. ఇంత వివరంగా ఆలోచించిన యంత్రానికి తాళం కన్నమంత కిటికీ పెట్టడంతో, చాలామంది దాన్ని కొన్నారు గానీ టోన్లు కట్టిన వాళ్లు తక్కువ. బ్రయన్ ఈనో లాంటి కొందరే ఓపిగ్గా లోపలికి వెళ్లారు.

మన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్లు వీటిని టోన్లనే అంటారు. కొత్త కీబోర్డు కొంటే ముందు ‘ఇండియన్ టోన్లు’ లోడ్ చేయించుకోవడం మామూలే. పెన్ డ్రైవ్‌లో టోన్లు మోసుకుని స్టేజీ ఎక్కేవాళ్లూ ఉన్నారు. పాశ్చాత్యులు ప్యాచ్ అంటారు. పెట్టెల మధ్య తీగలు గుచ్చి శబ్దం తయారుచేసిన పాత మోడ్యులర్ సింథసైజర్ల నాటి మాట అది. నేను టోన్ అనే రాస్తాను.

ఆ తాళం కన్నాన్ని తలుపంత చేసే సాఫ్ట్‌వేర్ గురించే ఈ వ్యాసం. దాని పేరు ఎడిసిన్. అమెరికాలో వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ షాన్ ల్యూక్ దీన్ని జావాలో రాశారు. ఉచితం, ఓపెన్ సోర్సు. డీఎక్స్7తో మొదలుకుని వాల్డార్ఫ్, కోర్గ్, రోలాండ్, కవాయ్ వంటి కంపెనీల సింథ్‌లు డజన్ల కొద్దీ దీనికి తెలుసు. నల్లటి నేల మీద రంగు రంగుల విభాగాలు, గుండ్రటి నాబులు, శబ్దం ఎలా లేచి ఎలా వాలుతుందో నిర్ణయించే ఎన్వలప్‌లను చూపే గీతలు. టోన్‌లోని విలువలన్నీ ఒకే కిటికీలో పరిచి కనిపిస్తాయి. చూడగానే ముచ్చటపడి పదిమందికి చూపించే సోకు దానికి లేదు. దాని పనితనం లోపల ఉంది. నేను మెచ్చుకుంటున్నది ఆ లోపలి పనినే.

ముందు వాద్యంతో అది మాట్లాడే తీరు చూడాలి. మిడి అనే భాష 1983 జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల సింథ్‌లను ఒక కేబుల్‌తో కలిపి లోకానికి వినిపించినప్పుడు, ఆ భాషలో ‘ఈ మెట్టు నొక్కారు, ఈ మెట్టు వదిలారు’ అని చెప్పడానికి అందరూ ఒప్పుకున్న మాటలున్నాయి. ఒక సింథ్ పొట్టలో ఏముందో చెప్పడానికి మాత్రం అందరికీ సరిపడే మాటలు సాధ్యం కాదు. ఒక్కో యంత్రం పొట్ట ఒక్కో తీరు మరి. అందుకని ఒక ఖాళీ కవరు లాంటి ఏర్పాటు చేశారు. 240 అంకెతో కవరు తెరుచుకుంటుంది, 247తో మూసుకుంటుంది. తెరవగానే వచ్చే అంకె కంపెనీ గుర్తు, యమహాకైతే 67. ఆ తర్వాత లోపల ఏం రాసుకున్నా ఆ కంపెనీ ఇష్టం. దీన్ని సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అంటారు, వాడేవాళ్ల నోట సిసెక్స్.

ఎడిసిన్‌లో డీఎక్స్7 అల్గారిథం నాబును 5 దగ్గరికి తిప్పితే కేబుల్ మీద వెళ్లేవి ఏడు అంకెలు: 240, 67, 16, 1, 6, 4, 247. ఇందులో 16 అంటే ‘ఒకే ఒక్క విలువ మారుస్తున్నాను, మొదటి ఛానెల్ మీద’ అని. అల్గారిథం అనేది డీఎక్స్7 లెక్కలో 134వ విలువ. కానీ కవరు లోపల ఏ అంకే 127 దాటకూడదని మిడి నియమం. అందుకే 134ను ఒక 128గా, మిగిలిన 6గా విడగొట్టి 1, 6 అని రెండు అంకెలుగా పంపాలి. చివరి 4 ఏమిటంటే, తెర మీద 1 నుంచి లెక్కించే అల్గారిథంలను యంత్రం లోపల 0 నుంచి లెక్కిస్తుంది కనుక 5 కాస్తా 4 అయింది. ఒక్క నాబు, ఒక్క కదలిక, దానికి ఇంత తతంగం. ఇలాంటి నాబులు డీఎక్స్7కే నూటికి పైగా. పక్కన ఇంకో కంపెనీ సింథ్ పెడితే ఈ లెక్క ఏదీ పనికిరాదు, మొదటినుంచీ మళ్లీ రాసుకోవాలి. తయారీదారుల పుస్తకాల వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే పట్టికల్ని చదివి, అవి తప్పైన చోట యంత్రాన్నే అడిగి తెలుసుకుని, ఒక్కోటి రాయాల్సిన పని ఇది. ఆ ఓపిక ముందు నాకు తల వంచాలనిపిస్తుంది.

32 టోన్ల బ్యాంకు మొత్తాన్ని పంపడం ఇంకో తీరు. 155 విలువల్లో చాలావాటికి చిన్న చిన్న అంకెలే చాలు కాబట్టి, యమహా ఇంజనీర్లు రెండు మూడింటిని ఒకే బైట్‌లో సర్ది ఒక్కో టోన్‌ను 128 బైట్లకు కుదించారు. 32 టోన్లకు 4096. కవరు పైభాగానికి ఆరు, తప్పొప్పుల సరిచూపుకు ఒక చెక్‌సమ్, మూతకు ఒకటి. మొత్తం 4104 బైట్లు. మిడి సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది, ఒక్కో బైట్‌కు పది బిట్లు పడతాయి. అంటే బ్యాంకు మొత్తం దాటడానికి సెకనున్నర కూడా పట్టదు. నలభయ్యేళ్ల కిందటి కేబుల్ మీద ఇప్పటికీ అంతే.

ఇక్కడే లైబ్రేరియన్ అనే రెండో పని వస్తుంది. ఎడిటర్ ఒక టోన్‌ను మారుస్తుంది, లైబ్రేరియన్ టోన్లను వరుస పెడుతుంది. పాతిక బ్యాంకుల్లోంచి ఏరి, కచేరీకి కావలసినవి ఒక వరుసలో సర్దుకోవడం లాంటిది. కాగితం మీద సులువు. యంత్రాల పట్టుదలలే కష్టం. డీఎక్స్7నే చూడండి. ఒక్క టోన్ పంపితే అది తాత్కాలికంగా దిద్దుకునే చోటికి చేరుతుంది తప్ప ‘7వ గదిలో పెట్టు’ అంటే పెట్టదు. కేబుల్ మీదుగా గదుల్లో పెట్టాలంటే 32 ఒకేసారి పంపి, ఉన్న 32నూ చెరిపేయాలి. అంటే ఒక్క టోన్ చోటు మార్చాలన్నా మిగతా 31 మన దగ్గర భద్రంగా ఉండాలి. ఇంకో సింథ్ ఒక్కోటిగా తీసుకుంటుంది గానీ బ్యాంకుగా ఇస్తే వద్దంటుంది. ఎడిసిన్ ప్రతి సింథ్‌కూ ఈ ప్రశ్నలు విడివిడిగా వేసుకుని జవాబు రాసి పెట్టుకుంది: ఒక్క టోన్ రాయించుకుంటావా, బ్యాంకుగా రాయించుకుంటావా, బ్యాంకుగా చదివిస్తావా. వాద్యం చేయలేని పనిని చేయగలిగినట్టు చూపించదు. మనం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న టోన్లను ఒక్క నొక్కుతో పోగొట్టగల పనిముట్టుకు ఈ నిజాయితీ అన్నిటికంటే ముందుండాలి.

మరో సుగుణం, ఆగడం తెలియడం. పాత సింథ్‌ల ప్రాసెసర్లు నెమ్మది. కంప్యూటరు గబగబా మాట్లాడితే అవి సగం విని సగం వదిలేస్తాయి. కొన్నైతే బిగుసుకుపోతాయి కూడా. అందుకే ఎడిసిన్‌లో టోన్ మార్చాక ఎంతసేపు ఆగాలి, టోన్ మొత్తం పంపాక ఎంత, ఒక్క విలువ పంపాక ఎంత అన్నది ఒక్కో వాద్యానికి వేరుగా రాసుకునే చోటుంది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లు విన్నారో లేదో చూసుకుని తర్వాతి మాట అనడం మనకు తెలిసిందే. ఈ సాఫ్ట్‌వేర్‌కూ ఆ మర్యాద ఉంది. మిల్లీసెకన్లలో ఉండే ఆ విరామాలు ఎవరికీ కనిపించవు. కనిపించకపోవడమే వాటి విజయం.

ఇక నన్ను ఈ వ్యాసం రాయించిన విషయానికి వస్తాను. ఎడిసిన్ సోర్సు తెరిచి చూస్తే ప్రతి విలువకూ కనిష్ఠం, గరిష్ఠం అని రెండు హద్దులుంటాయి. అది ఏ ప్రోగ్రామరైనా రాసేదే. వాటి పక్కనే మరో జత హద్దులు ఉండగలవు: ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఇది కొలత అని చెప్పేవి. మొదట చదివినప్పుడు ఇది దేనికా అనుకున్నాను. అర్థమయ్యాక చాలాసేపు ఆ కోడ్ దగ్గరే ఆగిపోయాను.

అంకెలు రెండు రకాలు. కొలిచే అంకెలు, పిలిచే అంకెలు. ఆపరేటర్ బయటికిచ్చే శబ్దం 0 నుంచి 99. ఇది కొలిచే అంకె. 70కి పక్కన 71 ఉంటుంది, రెంటికీ తేడా చెవికి ఇసుమంత. 40కీ 60కీ నడుమ 50 నిజంగానే నడుమ ఉంటుంది. అల్గారిథం 1 నుంచి 32. ఇది పిలిచే అంకె. 5వ నంబరు బస్సుకూ 9వ నంబరు బస్సుకూ మధ్య దారిలో 7వ నంబరు బస్సు తిరగదు కదా. అల్గారిథం నంబర్లూ అంతే. డీఎక్స్7 మీద 1, 2 అల్గారిథంల అమరిక ఒకటే, ఒక ఆపరేటర్ తన శబ్దాన్ని తనకే తిరిగి వినిపించుకునే చోటు మాత్రం మారుతుంది. ఇంకో చోట పక్కపక్క నంబర్లకు పోలికే ఉండదు. 32వ అల్గారిథంలో ఆరు ఆపరేటర్లూ ఎవరినీ ఊపకుండా ఎవరి పాట వాళ్లు పాడతాయి. యంత్రానికి మాత్రం రెండు రకాల అంకెలూ ఒకే రకం బైట్లు. తేడా తెలిసింది మనిషికే. ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌కు నేర్పడమే ఆ రెండో జత హద్దులు చేసే పని.

చాలా సింథ్‌లలో ఒకే నాబు రెండు రకాలూ అవుతుంది. 0 అంటే ‘ఆఫ్’ అనే పేరు, 1 నుంచి కొలత మొదలు. లేదా కొంత దూరం వేగం, ఆ పైన తాళంతో ముడిపడిన భాగాలు. అందుకే ‘ఇది కొలతా, పేరా’ అని ఒక్క మాట అడిగితే చాలదు, ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా కొలత అని అడగాలి. ఈ ప్రశ్నను వందల నాబులకు, డజన్ల కొద్దీ సింథ్‌లకు, ఒక్కోదాన్నీ చూసి జవాబిస్తూ పోవాలి. ఇది చేయకపోయినా ఎడిటర్ పనిచేస్తుంది, నాబులు తిరుగుతాయి, టోన్లు మారతాయి. మామూలుగా వాడేవాడు కనిపెట్టలేడు. మరి ఎందుకు చేసినట్టు?

దీనికి జవాబు షాన్ ల్యూక్ అసలు చదువులో ఉంది. ఆయన పరిశోధన పరిణామ గణన మీద. జీవులు తరతరాలుగా మారుతూ, కలుస్తూ మెరుగయ్యే తీరును లెక్కల్లోకి తెచ్చి, సూత్రాలకు లొంగని సమస్యలకు మంచి జవాబులు వెతికే శాస్త్రం అది. దాని మీద ఆయన రాసిన పుస్తకం ఒకటి, కంప్యూటరుతో ధ్వని సంశ్లేషణ మీద రాసిన పుస్తకం ఒకటి, రెండూ ఉచితంగానే అందుబాటులో పెట్టారు. ఎడిసిన్‌లో ఈ రెండు విద్యలూ కలిశాయి.

టోన్ కట్టడంలో అసలు చిక్కు, ‘ఏది కావాలో’ మాటల్లో చెప్పలేకపోవడం. వింటే మాత్రం తెలుస్తుంది. ఎడిసిన్‌లో కొండెక్కడం అనే పేరుతో ఒక పద్ధతి ఉంది. చేతిలో ఉన్న టోన్‌ను కొద్దికొద్దిగా మార్చి 16 రూపాలు తయారుచేసి, ఒక్కోదాన్నీ సింథ్‌కు పంపి, ఒక స్వరం మోగిస్తుంది. మనం విని, నచ్చినవాటికి ఒకటి, రెండు, మూడు అని స్థానాలిస్తాం. ఆ మూడింటినీ మార్చి, కలిపి, మరో 16. కళ్లద్దాల దుకాణంలో గాజులు మారుస్తూ ‘ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా’ అని అడుగుతారే, అచ్చం అలా. అద్దం నంబరు మనకు తెలియక్కర్లేదు, కంటికి ఏది తేటగా ఉందో చెప్పగలిగితే చాలు. మధ్యలో దొరికిన మంచివాటిని పక్కన దాచుకోవడానికి కొన్ని గళ్లు కూడా ఇచ్చారు.

ఇదంతా నడవాలంటే ‘కొద్దిగా మార్చడం’ అనే మాటకు అర్థం ఉండాలి. ఆ రెండో జత హద్దులు పనికొచ్చేది అక్కడే. కొలిచే అంకెనైతే ఉన్నచోటుకు దగ్గర్లోకి జరపవచ్చు. పిలిచే అంకెకు దగ్గర అనేది లేదు. మారిస్తే పూర్తిగా మారుతుంది, లేకపోతే ఉన్నట్టే ఉండాలి. రెండు టోన్లను కలిపేటప్పుడూ అంతే: కొలతలకు నడిమి విలువ తీసుకోవచ్చు, పేర్లలో మాత్రం ఇటుదో అటుదో ఒకటి ఎంచుకోవాలి. ఈ వివేకం లేని ప్రోగ్రామ్ 5వ అల్గారిథం ఎలక్ట్రిక్ పియానోనూ 9వ అల్గారిథం మరో టోన్‌నూ కలపమంటే 7 పెట్టి, తల్లికీ తండ్రికీ పోలిక లేని పిల్లను చేతిలో పెడుతుంది. ఎడిసిన్ ఇచ్చే పిల్లల్లో మాత్రం పోలిక తెలుస్తుంది. ‘అత్త ముక్కు, మామ నడక’ అని చుట్టాలు గుర్తుపట్టినట్టు, ఈ గంట మోత మొదటిదాని నుంచి, ఈ వాలు రెండోదాని నుంచి అని విని చెప్పగలం.

ఇదే పునాది మీద ఇంకా కొన్ని ఉన్నాయి. నచ్చనివాటిని తీసేస్తూ మిగిలినవాటి కలయికలతో ఆ ఖాళీలు నింపుకుంటూ వెతికే చోటును కుదించే పద్ధతి ఒకటి. నాలుగు టోన్లను గుర్తులుగా పెట్టుకుని, చేతిలో ఉన్నదాన్ని వాటిలో ఒకదాని వైపు కాస్త జరపడం, లేదా దూరంగా తోయడం మరొకటి. ఏ విలువలు ముట్టుకోవచ్చో, ఏవి ముట్టకూడదో మనమే గీత గీయవచ్చు. మీట నొక్కగానే ధ్వని ఎగిసే తీరు బాగా కుదిరిందనుకుంటే, దానికి తాళం వేసి మిగతావే కదిలించమనవచ్చు. నేను ఎక్కువగా వాడేది ఇదే.

లోట్లు లేవని కాదు. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌లా ఇది కూర్చోదు, విడిగా నడుస్తుంది. అందుకని ఏ పాటకు ఏ టోన్ వాడామో పాటతోపాటే గుర్తుండిపోదు, ఫైలు మనమే దాచుకోవాలి. జావా వల్ల అన్ని కంప్యూటర్ల మీదా నడిచినా, కంటికి ఏ కంప్యూటరుకూ సొంతదానిలా అనిపించదు. అయినా ఓపెన్ సోర్సు కావడం విలువ ఎంతో ఈ రంగం చరిత్ర తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. మెకింటాష్ మీద పేరుమోసిన గెలాక్సీ లైబ్రేరియన్‌ను చేసిన ఆప్‌కోడ్ కంపెనీ 1998లో గిబ్సన్ చేతికి వెళ్లింది, కొద్ది కాలానికే దాని పని ఆగిపోయింది. సౌండ్‌డైవర్ చేసిన ఎమాజిక్‌ను 2002లో యాపిల్ కొన్నది, సౌండ్‌డైవర్ ముందుకు సాగలేదు. కంప్యూటర్లు మారినకొద్దీ ఆ ప్రోగ్రాములు వెనకబడిపోయాయి. సింథ్‌లు మాత్రం ఇంకా మోగుతున్నాయి. వాటి పొట్టలోని అంకెల అర్థం మూసిన కోడ్‌లో ఉండిపోయింది. ఎడిసిన్‌లో ఆ అర్థం ఎవరైనా చదవగలిగే అక్షరాల్లో ఉంది. కొత్త వాద్యానికి ఎడిటర్ ఎలా రాయాలో చెప్పే వివరణా దానితోపాటే ఉంది.

మొన్న ఒక రాత్రి ఒక గంట కోసం కొండెక్కాను. గంట మోతకు డీఎక్స్7 పెట్టింది పేరు. ఊపే ఆపరేటర్‌కూ పాడే ఆపరేటర్‌కూ నడుమ పూర్తి సంఖ్య కాని నిష్పత్తి, 1కి 3.5 లాంటిది పెడితే, తీగకు గానీ వేణువుకు గానీ రాని లోహపు గుణం వస్తుంది. ఏడెనిమిది తరాల దాకా పాశ్చాత్యుల చర్చి గంటలే వచ్చాయి. పెద్దవి, నెమ్మదైనవి. నేను వెతుకుతున్నది మండపంలో వేలాడుతూ, వచ్చినవాళ్లు చెయ్యెత్తి కొట్టే ఇత్తడి గంట. దెబ్బ పదునుగా ఉండాలి, మోత త్వరగా సన్నబడాలి, చివర్న చిన్న వణుకుండాలి. పదకొండో తరంలో మూడో గడిలోది మోగగానే తెలిసింది. పక్కన దాచి, ఇంకో రెండు తరాలు చూసి, మళ్లీ దాని దగ్గరికే వచ్చాను.

ఆ తర్వాతి పని నేనే చేత్తో చేశాను. టోన్ వచ్చి దిద్దుకునే చోట నిలబడి ఉంది. లేచి వెళ్లి మెమరీ ప్రొటెక్ట్ తీసి, స్టోర్ మీట నొక్కిపట్టి, 7వ నంబరు నొక్కాను. అంతకుముందే ఎడిసిన్‌లో దానికి పేరు పెట్టాను. డీఎక్స్7 తెరకు తెలుగు రాదు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే గుడిగంట అని కొట్టాను. తొమ్మిది అక్షరాలు పట్టాయి. పదోది ఖాళీగా వదిలేశాను.